కొండదొంగ మా ఊరి పక్కన పుట్టాడు

అల్లూరి సీతారామరాజు బుర్రకథ కోయంబత్తూరు సినిమాలోకి ఎక్కిందని తెలిసిన రాత్రి సంతోషంతో నాకు నిద్ర పట్టలేదు. 1954 నాటి ‘అగ్గిరాముడు’లో ఎన్.టి. రామారావు, భానుమతి జంట. అందులో గుంటూరు సీమ పొన్నెకల్లు నాజర్ దళం మన్యం వీరుడి కథ చెబుతుంది. సినిమా తీసింది మా తిరుప్పూరుకు యాభై కిలోమీటర్ల దూరంలోని పక్షిరాజా స్టూడియో.

ఆ సినిమా కథకు మూలం తమిళ నవల ‘మలైక్కళ్ళన్’, అంటే కొండదొంగ. రాసింది నామక్కల్ కవి రామలింగం పిళ్ళై. 1930లో వేదారణ్యానికి నడిచిన ఉప్పు సత్యాగ్రహులకు పాట కట్టిన గాంధేయుడు ఆయన. ఆ చేతి నుంచే ఈ దొంగా పుట్టాడు. పైకి అబ్దుల్ రహీం అనే వర్తకుడు, ముసుగు వేస్తే కొండదొంగ.

ఇలాంటి రెండు ముఖాల మనుషులు ఐరోపాలోనూ ఉన్నారు. 1905లో ఫ్రాన్సులో మారిస్ లెబ్లాఁ వేషాలు మార్చే దొంగ ఆర్సెన్ లుపాఁను సృష్టించాడు. అదే ఏడు ఇంగ్లండులో ‘స్కార్లెట్ పింపర్నెల్’ నవల వచ్చింది. దాని నాయకుడు చూడ్డానికి సోకులరాయుడు, చాటున గిలెటిన్ నుంచి మనుషుల్ని తప్పించే గూఢవీరుడు. 1934లో కోర్డా దాన్ని లెస్లీ హోవార్డ్‌తో సినిమాగా నిర్మించాడు.

మా కొండదొంగ మాత్రం ఒక్క భాషతో ఆగలేదు. 1935లో మిల్లుల యజమాని రంగస్వామి నాయుడు తదితరులు సెంట్రల్ స్టూడియో పెట్టినప్పటి నుంచీ కోయంబత్తూరులో నూలుతో పాటు సినిమా కూడా తయారైంది. అందులో భాగస్వామిగా ఉండి, తర్వాత పక్షిరాజా నడిపిన ఎస్.ఎం. శ్రీరాములు నాయుడు ఈ కథను 1954లో తమిళంలో ఎం.జి.ఆర్.తో తీశాడు. మాటలు కరుణానిధివి. రాష్ట్రపతి రజత పతకం వచ్చింది. అదే ఏడు తెలుగు. 1955లో హిందీ ‘ఆజాద్’, దిలీప్ కుమార్, మీనాకుమారి. 1957లో మలయాళం, కన్నడం, సింహళం. ఒకే దొంగ, ఆరు భాషలు! సింహళం తప్ప మిగతా అన్నిటికీ దర్శకుడు ఒక్కడే. మద్రాసు వైపు చూడకుండా మా కోయంబత్తూరు సీమ కొంగునాడులో కూర్చుని అన్ని భాషలకూ కథ పంపిన ఆ ధైర్యం మళ్ళీ రాలేదు. తర్వాత సినిమా అంటే మద్రాసే అయింది, మన స్టూడియోలు మూతపడ్డాయి. మిల్లుల చరిత్ర దాచుకున్నంత శ్రద్ధగా వీటి చరిత్రను మనం దాచుకోలేదు. అది మన తప్పే.

మా అవ్వకు తెలుగు అక్షరం రాదు, అరవ అక్షరమూ రాదు. చూసింది ఎమ్జీయార్ సినిమా. వంటింట్లో రాగిసంగటి కెలుకుతూ ఆ కథంతా మా ఇంటి తెలుగులో చెప్పేది. దొంగ గుర్రం దూకే చోట గరిటె ఆగేది. మేం ముద్ద కోసం కాదు, గరిటె మళ్ళీ కదలడం కోసం కాచుకునేవాళ్ళం. లెక్కలో లేని ఏడో కొండదొంగ అది. అవ్వ గొంతును ఎవరమూ రికార్డు చేసుకోలేదు.