తౌహౌ అంటే కొత్తోడు

మన దిక్కు మోదుగుపూలు పూసినప్పుడు తేనెపిట్ట వస్తది గదా, ఎండిన నేలలో కూడా నీలంగా మెరుసుకుంట పువ్వు పువ్వుకు తిరిగేది. న్యూజిలాండ్‌లో అది లేదు. ఇక్కడ కోఫై చెట్లు పసుపుపచ్చగా పూస్తే ఇంకో చిన్న పిట్ట గుంపుగా దిగుతది. ఆకుపచ్చ తల, కంటి చుట్టూ తెల్ల రింగు, బరువు 13 గ్రాముల దాకా. తేనె తాగుతది, పురుగులు, పండ్లు కూడా తింటది. ఇంగ్లీషోళ్లు సిల్వర్‌ఐ అంటరు. మావోరీలు తౌహౌ అంటరు, అంటే కొత్తోడు, పరాయోడు.

దీని సొంతూరు ఆస్ట్రేలియా పక్కనున్న టాస్మేనియా. అక్కడ కూడా ఇది వలస పిట్టే. చలికాలం రాగానే చాలావరకు సముద్రం దాటి ఉత్తరాన క్వీన్స్‌లాండ్ దాకా పోతయి, మన పాలమూరోళ్లు పనికి పోయినట్టు. న్యూజిలాండ్ దక్షిణాన 1832లోనే ఒకసారి కనబడ్డది. 1856లో మాత్రం వెల్లింగ్టన్ దిక్కు గుంపులు గుంపులుగా దిగినయి. మధ్యలో సుమారు 2000 కిలోమీటర్ల సముద్రం! పడమటి గాలి తోసుకొచ్చిందని అంటరు. వాల్టర్ బుల్లర్ 1873లో అచ్చేసిన పక్షుల పుస్తకంలో ఈ రాక గురించి రాసిండు.

అప్పట్లో ఆపిల్ చెట్లకు తెల్ల పేను పట్టేది. ఈ పిట్ట దాన్ని ఏరి తింటుంటే తోటలోళ్లు సంబరపడి, తెగులు పిట్ట అని పేరు పెట్టిన్రు. తర్వాత అదే పిట్ట అత్తి పండ్లు, ద్రాక్ష పొడిస్తే తిట్టిన్రు. పని చేసినంతసేపే మంచోడు, ఈ సంగతి మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

మన గోరింక కూడా ఇక్కడుంది. 1870ల్లో పురుగులు తింటదని మనుషులే తెచ్చి వదిలిన్రు. అది ఇప్పటికీ బయటి పిట్టే. తౌహౌ మాత్రం తన రెక్కల మీద తానే వచ్చింది కాబట్టి ఈ దేశపు పిట్టల లెక్కలో రాసుకున్నరు.

మరి మనం ఎవరం? టికెట్ పైసలు మనయే, అప్పు మనదే. కానీ 2022లో మొదలైన వర్క్ వీసాలో యజమాని పేరు, పని, ఊరు అన్నీ రాసి ఉంటయి. యజమాని మారాలంటే మళ్లీ దరఖాస్తే. సైట్‌లో టీ తాగుతూ దీని మీద రోజూ వాదన. చిన్నోళ్లు తౌహౌ అంటరు, మాలాంటి పాతోళ్లం గోరింక అంటం.

చలికాలంలో దానికి తిండి తక్కువ. నారింజ సగం కోసి పెట్టినా, చక్కెర నీళ్లు పెట్టినా గుంపే వస్తది. గిన్నె మాత్రం రోజూ కడగాలె.