పావులూరి మల్లన పద్యమున చతురంగసంఖ్య

చదరంగపు పలకయందు మొదటి గడిలో ఒక గింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు అరువదినాలుగు గడులకును రెట్టించుచు పోయినచో మొత్తమెంత యగును? 18446744073709551615 అగును. ఇరువది యంకెల యీ సంఖ్యను ఒక్క చంపకమాలలో ఇమిడ్చిన పద్యము పావులూరి మల్లనదిగా ప్రసిద్ధము. నేడు బెంగళూరున కంప్యూటర్లతో పనిచేయు తెలుగు యువకులకు నిదియే సంఖ్య మఱియొక దారిని పరిచితము: అరువదినాలుగు బిట్లలో పట్టు పూర్ణసంఖ్యలలో నిదియే పెద్దది.

మల్లన 11వ శతాబ్దివాడని కొందఱును, 12వ శతాబ్దివాడని కొందఱును తలంతురు. ఆతని గణితగ్రంథమునకు మూలము మహావీరాచార్యుని గణితసారసంగ్రహము. మహావీరుడు 9వ శతాబ్దిలో రాష్ట్రకూట చక్రవర్తియగు అమోఘవర్షుని కాలమున కన్నడదేశమున వెలసిన జైనపండితుడు. కన్నడదేశపు గణితము తెలుగు పద్యమైన యీ ముచ్చట కన్నడరాజధానిలో నివసించు తెలుగువారు తెలియదగినది. చతురంగసంఖ్యను క్రీ.శ. 1000 ప్రాంతమున అల్‌బెరూనీయు తన గ్రంథమున నిచ్చియున్నాడు. కావున సంఖ్యను కనుగొనుట మల్లన ఘనత యనరాదు. దానిని తప్పులేక తెలుగున నిలిపెనా యనునదియే విచార్యము.

పద్యమున అంకెలు లేవు. చంద్రుడన్న ఒకటి, వేదమన్న నాలుగు, ఆకాశమన్న సున్న, ఈ విధమున భూతసంఖ్యలే కలవు. వానిని ఒకట్ల స్థానమునుండి ఎడమకు వ్రాసికొనవలెను. ఛందస్సు అక్షరములను కాపాడునే కాని అర్థమును కాపాడదు. చిక్కు సముద్రముతో వచ్చినది. పద్యమున అబ్ధి యని ఒకచోట, పయోనిధి యని మఱియొకచోట సముద్రవాచకములు పడినవి; ఒకట్లనుండి లెక్కింపగా అవి 13వ, 17వ స్థానములు. సముద్రములు నాలుగని గణకుల వాడుక, ఏడని పురాణప్రసిద్ధి. ఏది గ్రాహ్యము?

ఈ సంఖ్యయే సాక్ష్యము చెప్పగలదు. రెంటి యెనిమిదవ ఘాతము 256. దానిని 17చే భాగింప శేషము 1. అరువదినాలుగవ ఘాతమునకును శేష మదియే. అందుండి ఒకటి తీసివేయగా వచ్చు చతురంగసంఖ్య 17చే నిశ్శేషముగ భాగింపబడవలెను. దాని కారణాంకములు 3, 5, 17, 257, 641, 65537, 6700417. వీనిలో 641, 6700417 లబ్ధము 4294967297. ఇది ప్రధానసంఖ్య యని 17వ శతాబ్దిలో ఫెర్మా భావింపగా, 1732లో ఆయిలరు 641చే భాగించి కాదని చూపెను!

మూడుచే పరీక్షించిన ప్రయోజనము లేదు. అంకెల మొత్తము 87. ఒక సముద్రము ఏడైన 90, రెండును ఏడైన 93. అన్నియు మూడుచే భాగింపబడునవే. పదునేడట్లు మోసపోదు. ఏ యొక్క అంకె మారినను అది పట్టుకొనును. ఎనిమిదేసి అంకెలుగా విడదీసి 9551615 నుండి 67440737 తీసివేసి 1844 కూడవలెను. వచ్చునది 57887278 ఋణము. ఇది సరిగా 17 × 3405134. సముద్రమును ఒకచోట ఏడుగా గైకొన్నను, రెండుచోట్ల గైకొన్నను శేషము మిగులును. ఈ పద్యమున సముద్రములు రెండుచోట్లను నాలుగే.