మంచినీళ్ల చెరువుకు కాపలా

విజయవాడ నుంచి బందరు రోడ్డు మీద పోరంకి, పెనమలూరు, గంగూరు దాటితే కంకిపాడు వస్తుంది. నూట డెబ్బై ఏళ్లుగా కృష్ణ కాలువల నీళ్లతో వరి పండిస్తున్న మాగాణి ఇది. ఇంత నీటి మధ్యన ఉన్న ఊళ్లు తాగడానికి ఇరవై లీటర్ల టిన్నులు ఎందుకు కొనుక్కుంటున్నాయని అడిగితే, జనం పెరిగారు, నీళ్లు పాడయ్యాయి అని రెండు ముక్కల్లో తేల్చేస్తారు. రెండూ నిజమే కానీ చరిత్ర అంత పొట్టిది కాదు. ఈ డెల్టాలో తాగే నీటికి ఏనాడూ సొంత దారి లేదు. పంట నీటి వెనకాలే నడిచి ఊరి చెరువులోకి చేరింది. చేరాక దాన్ని బాగుచేసే విద్యలు చిల్లగింజ నుంచి ఆర్వో దాకా మారుతూ వచ్చాయి. మారిన ప్రతిసారీ విద్య మెరుగుపడింది, నీటిని కాపాడే బాధ్యత మాత్రం ఒక మెట్టు కిందికి జారింది. కాలువ దగ్గర ఉండాల్సిన జాగ్రత్త చెరువు మీద పడింది, చెరువు నుంచి ఊరి ట్యాంకు మీదికి, అక్కణ్ణుంచి ఇంటి గడప మీదికి వచ్చింది. ఇక్కడి తాగునీటి కథను ఈ జారుడుగా చదివితేనే నేటి టిన్నుల సంగతి అర్థమవుతుంది.

ఆనకట్టకు ముందు ఈ ఊళ్లకు వాన చెరువులు, బావులు, నది ఇసుకలో తీసిన చెలమలే దిక్కు. 1832–33 నాటి నందన కరువులో గుంటూరు జిల్లాలోని అయిదు లక్షల జనంలో సుమారు రెండు లక్షల మంది చనిపోయారని గెజిటీర్లు లెక్క చెబుతాయి. కృష్ణకు అడ్డుకట్ట వేయాలన్న ఆలోచనకు బలం వచ్చింది ఆ చావుల తరవాతే. ఆర్థర్ కాటన్ పట్టుదలతో, కెప్టెన్ చార్లెస్ ఓర్ పర్యవేక్షణలో 1852లో మొదలైన ఆనకట్ట 1855లో పూర్తయింది. కాలువలు రెండు పనుల కోసం తవ్వారు, ఒకటి సాగు, రెండోది పడవల రాకపోకలు. తాగునీరు ఆ పథకంలో విడి పద్దుగా లేదు. ఉండడానికి కారణం కూడా లేదు. పెట్టుబడి తిరిగి రావలసింది నీటి తీరువా రూపంలో, మంచినీళ్ల చెరువేమో తీరువా కట్టదు. అయినా కాలువ పారుతున్న చోట ఊరు ఊరుకోదు కదా. బోదె తవ్వి, తూము పెట్టి, చెరువు నింపుకుంది. సముద్రం వైపు వెళ్లేకొద్దీ ఈ అవసరం పెరిగింది. కంకిపాడు చుట్టుపక్కల కాలువల ఊటతో బావి నీళ్లు ఒకపాటి తియ్యగానే ఉండేవి గానీ, పామర్రు దాటి గుడివాడ, కైకలూరు, బందరు దిక్కుగా పోతే తవ్విన చోటల్లా ఉప్పే. అక్కడ కాలువతో నిండే చెరువు లేకపోతే ఊరే లేదు. 1864 నవంబరులో బందరును ముంచిన ఉప్పెన, 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన వేలమందిని బలిగొన్నాయి. ప్రాణాలతో మిగిలినవాళ్లకు వెంటనే వచ్చిన ఆపద దాహం. చెరువులూ బావులూ ఉప్పునీటితో, కళేబరాలతో నిండిపోయాయి.

చెరువును కేవలం నీళ్లు నిలవ ఉంచే గొయ్యి అనుకోవడం పొరపాటు. కాలువలో వచ్చేది వానాకాలంలో ఎర్రనీరు. చెరువులో వారాల తరబడి కదలకుండా ఉంటే ఒండ్రు అడుగుకు దిగుతుంది, ఎండ తగులుతుంది, రోగక్రిములు చాలావరకు తమంతట తామే చస్తాయి. నేటి శుద్ధి కేంద్రాల్లోనూ మొదటి దశ ఈ నిలవే. బిందెలోకి వచ్చాక రెండో దశ. చిల్లగింజను కుండ లోపలి అంచుకు అరగదీసి నీళ్లు పోస్తే మట్టి రేణువులు ఒకదానికొకటి అంటుకుని బరువెక్కి కిందికి దిగిపోతాయి. సంస్కృతంలో కతకం అనే ఈ గింజ మనుధర్మశాస్త్రంలోనూ కనిపిస్తుంది. పేరు తలచినంత మాత్రాన నీరు తేరుకోదని, గింజను వాడాల్సిందేనని అక్కడి పోలిక. పటిక చేసేదీ ఇదే పని, ఇంకా వేగంగా. విజయవాడ నగరానికి నీరిచ్చే పెద్ద ప్లాంటులో పడేదీ, డెల్టా ఇల్లాలు బిందెలో తిప్పిందీ ఒకే వస్తువు. ఈ రెండు విద్యలకూ ఒకే లోపం ఉంది, నీటిని తేటపరుస్తాయి గానీ క్రిములను చంపవు. అందుకే వీటికన్నా ముఖ్యమైన మూడో జాగ్రత్తను ఊళ్లు ఆచారంగా పెట్టుకున్నాయి. గేదెలకు ఒక చెరువు, బట్టలకు ఒక రేవు, తాగడానికి వేరే చెరువు. వేసవిలో మరమ్మతులకు కాలువలు కట్టేసేముందు చెరువు నింపుకోవడం, మళ్లీ నీళ్లు వదిలేదాకా దాన్ని పొదుపుగా వాడుకోవడం ఈ డెల్టా క్యాలెండరులో పండగంత ఖాయమైన పని.

ఇక్కడే గట్టి అభ్యంతరం వస్తుంది. పాత చెరువు అంత పవిత్రమా? కాదు. రాబర్ట్ కోఖ్ 1884లో కలరా క్రిమిని మనిషి ఒంటికి బయట పట్టుకున్నది కలకత్తాలోని అలాంటి ఒక చెరువులోనే, జనం తాగుతూ, స్నానం చేస్తూ, గుడ్డలుతుకుతున్న నీటిలో. కలరా, విరేచనాలు మన చెరువులనూ విడిచిపెట్టలేదు. అంతకన్నా పెద్ద మచ్చ, చెరువు కాపలా కులం చేతిలో ఉండడం. ఒకరి చెరువును శుభ్రంగా ఉంచిన కట్టుబాటే మరొకరిని గట్టు ఎక్కనివ్వలేదు. మరొకరి చెరువుకు అసలు కాపలాయే లేకుండా చేసింది. కృష్ణ పడమటి డెల్టా వైపు, చీరాల దగ్గరి కారంచేడులో 1985 జూలైలో మాదిగపల్లె తాగే చెరువును గేదెల కుడితి బకెట్లతో మురికి చేయడాన్ని ఒక దళిత స్త్రీ అడ్డుకుంది. మరునాడు, జూలై 17న, పల్లె మీద దాడి జరిగి ఆరుగురు దళితులు హతమయ్యారు. ఆంధ్ర దళిత ఉద్యమాన్ని మలుపు తిప్పిన ఆ ఘోరం మొదలైంది తాగునీటి శుభ్రత దగ్గరేనని చాలామంది మరిచిపోతారు. కాబట్టి పాత చెరువు దగ్గరికి తిరిగి పొమ్మనడం నా ఉద్దేశం కాదు. ఆ చెరువు చెప్పే సాక్ష్యం వేరు. కాపలా ఉన్నంతవరకు, ఎవరికోసం ఉందో వారికి, నీరు నిలిచింది. దాన్ని అందరికీ చెందిన కాపలాగా మార్చాల్సిన కాలంలో మనం కాపలానే వదిలేసి యంత్రం తెచ్చుకున్నాం.

యంత్రమే చాలునని చెప్పేవారికి చరిత్రలో ఒక మంచి ఉదాహరణ ఉంది. 1829లో లండన్ చెల్సీ జలసంస్థ కోసం జేమ్స్ సింప్సన్ ఇసుక ఫిల్టరు కట్టాడు. 1892లో జర్మనీలోని హాంబర్గ్‌ను కలరా పట్టి ఎనిమిది వేలకు పైగా జనాన్ని చంపింది. దానికి దిగువన, హాంబర్గ్ మురుగు కలిసిన అదే ఎల్బే నది నీటిని ఇసుకలో వడకట్టి తాగిన ఆల్టోనా పట్టణం మాత్రం దాదాపుగా తప్పించుకుంది. అంటే పైన ఎంత మురికి కలిసినా కింద శుద్ధి చేస్తే చాలన్నమాటే కదా? ఆ కథకు రెండో సగం ఉంది. వచ్చిన చలికాలంలో గడ్డకట్టిన ఇసుక సరిగా పనిచేయక ఆల్టోనాలోనూ కలరా పుట్టింది. ఫిల్టరులో దినదినం నీటిని పరీక్షించి, మిల్లీలీటరుకు వంద క్రిములు మించితే నీరు వదలకూడదన్న నియమాన్ని కోఖ్ ప్రతిపాదించింది ఈ అనుభవం తరవాతే. ఇసుకతో పాటు ఆ ఇసుకను రోజూ చూసుకునే మనిషి కూడా ఆల్టోనాను కాపాడాడు.

ఇసుక ఫిల్టరు మన డెల్టాకు ఎంతో అనువైనది. మీటరు మందానికి కాస్త అటూ ఇటూగా పరిచిన ఇసుకలోంచి నీరు గంటకు పది ఇరవై సెంటీమీటర్ల చొప్పున నెమ్మదిగా దిగుతుంది. ఇసుక పైభాగాన కొన్నాళ్లకు జీవం ఉన్న జిగట పొర ఏర్పడి క్రిములను తినేస్తుంది. కరెంటు పెద్దగా అక్కర్లేదు, మందులు అక్కర్లేదు. నాగపూర్‌లోని నీరీ సంస్థ అంతర్జాతీయ సహకారంతో పల్లెల్లో ఈ పద్ధతిని ప్రయోగించినప్పుడు ఎంచుకున్న ఊళ్లలో మన పోతునూరు ఒకటి. తరవాత నెదర్లాండ్స్ సాయంతో వచ్చిన రక్షిత మంచినీటి పథకాల్లోనూ ఫిల్టర్ బెడ్లు కట్టారు. మూసుకుపోయిన పైపొరను వారాలకో నెలలకో ఒకసారి గీకి తీయాలి, తీశాక మళ్లీ పొర కట్టేదాకా ఆగాలి. ఇదంతా తెలిసిన, జీతం సమయానికి అందే ఆపరేటరు కావాలి. పంచాయతీల్లో కట్టడానికి నిధులు దొరికినంత సులువుగా నడపడానికి దొరకవు. గీకనివాటిలో గడ్డి మొలిచింది, నీరు ఫిల్టరును తప్పించి నేరుగా ట్యాంకు ఎక్కింది, పైన గుప్పెడు బ్లీచింగ్ పడింది. దోషం పద్ధతిది కాదు.

ఇంతలో పైనున్న నగరం పెరిగింది. బెజవాడ 1888లో మునిసిపాలిటీ, 1981లో కార్పొరేషన్. తన నీటిని, పాత ఆనకట్ట స్థానంలో వచ్చిన ప్రకాశం బ్యారేజీకి ఎగువన, భవానీపురం వైపున్న హెడ్ వాటర్ వర్క్స్ నుంచి తీసుకుంటుంది. తన మురుగులో కొంత భాగాన్ని బ్యారేజీకి దిగువన నగరం నడిబొడ్డున పారే ఏలూరు, రైవస్, బందరు కాలువల్లో కలుపుతుంది. ఆ నీరు నగరం దాటాక ముందుగా చేరే మాగాణి మండలాల్లో కంకిపాడు ఒకటి, ఆ తరవాత చెరువు తప్ప గతిలేని తూర్పు ఊళ్లు. 1974లో జల కాలుష్య నివారణ చట్టం వచ్చి అర్ధ శతాబ్దం గడిచింది. శుద్ధి కేంద్రాలు కట్టారు, కాలువ గట్లకు కంచెలు వేశారు, పూలమొక్కలు నాటారు. కాలువలో పడే ప్రతి డ్రెయినునూ మళ్లించడం మాత్రం ఇంకా మిగిలే ఉంది. అందానికి ఇచ్చిన ప్రాధాన్యం దిగువ ఊరి గొంతుకు ఇచ్చి ఉంటే బాగుండేది.

ఆ పరిస్థితిలో మంచినీటి ప్లాంట్లు వచ్చాయి. 1992లో మద్రాసు వైపు పుట్టి బెంగాల్ దాకా పాకిన కొత్త కలరా తరవాత, అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌లో అశోక్ గాడ్గిల్ అతినీలలోహిత కిరణాలతో తక్కువ ఖర్చులో క్రిములను చంపే పరికరం తయారుచేశాడు. ఆ పరికరం నాంది ఫౌండేషన్ భాగస్వామ్యంతో మన దేశంలో తొలిసారిగా ఊరుమ్మడి కేంద్రంగా 2005లో వెలసింది అప్పటి కృష్ణా జిల్లా బొమ్మినంపాడులో. చెరువు నీటినే శుద్ధిచేసి ఊరికే అమ్మారు. నాకు ఇది గౌరవించదగ్గ ప్రయోగంగానే తోస్తుంది. చెరువును వదిలిపెట్టలేదు, రోజూ నడిపే మనిషి జీతాన్ని ధరలోనే కలిపారు. ఆ తరవాత వీధివీధినా వెలసిన ఆర్వోల తీరు వేరు. బోరు వేసి, పొరలోంచి నీటిని నెట్టి, మంచిది టిన్నుకు, మిగిలింది సైడు కాలువకు. లీటరు మంచినీటికి దాదాపు అంతే, చాలాచోట్ల అంతకంటే ఎక్కువ నీరు వృథా. 2014 అక్టోబరు 2న రాష్ట్ర ప్రభుత్వం రెండు రూపాయలకు ఇరవై లీటర్లంటూ ఎన్టీఆర్ సుజల స్రవంతి మొదలుపెట్టాక టిన్ను నీరు ప్రభుత్వ విధానమే అయింది.

ఉప్పునీటి ఊళ్లకు ఆర్వో తప్ప ఏం చేస్తారని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. తీరం అంచున, ఉప్పెన తరవాత, కాలువ చివర నీరందని చోట ఆర్వో ప్రాణాధారం, దాన్ని తీసేయమనడం క్రూరత్వం. కానీ కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించని నీటికి ఆర్వో అవసరం లేదని భారత ప్రమాణాల ఆధారంగా జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో చెప్పింది. కృష్ణ కాలువ నీరు ఉప్పు కాదు. దానికి పట్టిన జబ్బు మురుగు. మురుగు జబ్బుకు ఉప్పు జబ్బు మందు వాడుతున్నాం, ఆ క్రమంలో ఉన్న తియ్యటి నీటిలో సగం పారబోస్తున్నాం.

నీళ్లే చాలవన్నది చివరి అభ్యంతరం. బచావత్ ట్రిబ్యునల్ కృష్ణా డెల్టాకు 181.20 టీఎంసీలు కేటాయించింది. జల్ జీవన్ మిషన్ ప్రకారం మనిషికి రోజుకు 55 లీటర్లు. యాభై లక్షల మందికి ఏడాది పొడవునా ఇవ్వాలంటే మూడున్నర టీఎంసీలు, అంటే డెల్టా వాటాలో నూటికి రెండు వంతులు. ప్రకాశం బ్యారేజీ ఒకసారి నిండితే పట్టేది మూడు టీఎంసీలకు పైమాటే. దారిలో సగం ఇంకిపోయినా నూటికి నాలుగు. మరోలా చూస్తే, 13 లక్షల ఎకరాల ఆయకట్టు లెక్కన ఒక ఎకరం వరికి దక్కే నీరు దాదాపు 195 మందికి ఏడాది తాగునీరు. 1987 నాటి జాతీయ జల విధానం నుంచీ తాగునీటికే మొదటి వరస అని రాసుకుంటూనే ఉన్నాం. ఈ నూటికి రెండు వంతులను వేరుగా, మురుగు తగలకుండా బ్యారేజీ ఎగువ నుంచే గొట్టాల్లో చెరువులకు పంపడం రైతు వాటాను పెద్దగా తాకదు. అదయ్యేదాకా చేయదగ్గ చిన్న పనులూ ఉన్నాయి. కాలువలు కట్టేసిన నెలల్లో నగరం మురుగు అడుగున నిలిచిపోతుంది, ఎండల్లో తాగునీటి కోసం నీరు వదలగానే ముందుగా కదిలేది అదే. ఆ మొదటి నీటిని చెరువుల్లోకి రానీయకుండా దిగువకు వదిలేసి, నీటిని పరీక్షించాకే తూములు ఎత్తాలి. ఆ పని చేయాల్సింది కాలువను కాచే లస్కరు, చెరువు దగ్గర పంచాయతీ మనిషి. డెల్టాలో ముందుగా నింపాల్సిన ఖాళీలు ఆ రెండూ.