ఆదిత్య 369కి వోచర్లు ఉన్నాయి

‘కల్కి 2898 ఏడీ’ విడుదలైన 2024లో మా క్యాంప్ 1లో తెలుగువాళ్ళం కొందరం ఒకచోట కలిశాం. మాటలు ఆ సినిమా మీదికి మళ్ళాయి. ఒక పెద్దమనిషి మైకు పట్టుకుని, "టైమ్ మెషీన్ తెల్లవాళ్ళది కాదండీ, మన భాగవతంలోదే. మనవాళ్ళు దాన్నే సినిమాగా తీశారు" అన్నారు. చప్పట్లు మోగాయి. నేను నోరు విప్పలేదు. ఇంటికొస్తుంటే మనవడు "తాతయ్యా, నిజమేనా?" అనడిగాడు. హేతువాదినని చెప్పుకునే నాకు సిగ్గేసింది. ఆ రాత్రి వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

నేను డిఫెన్స్ అకౌంట్స్‌లో పనిచేసి రిటైరయ్యాను. వోచర్ లేని పద్దు పాస్ చెయ్యడం నాకు అలవాటు లేదు. ఈ పద్దు కూడా అలాగే చూద్దాం.

ముందు భాగవతం. రైవత మహారాజు కూతురు రేవతికి తగిన వరుడెవరో అడగడానికి ఆమెను వెంటబెట్టుకుని బ్రహ్మలోకం వెళ్తాడు. అక్కడ కాసేపు ఆగేసరికి భూమ్మీద 27 చతుర్యుగాలు గడిచిపోతాయి. అద్భుతమైన కల్పన, ఒప్పుకుంటాను. కానీ అందులో యంత్రం లేదు. గతంలోకి వెళ్ళే దారీ లేదు. మనిషి తను కోరిన కాలానికి యంత్రం మీద వెళ్ళి రావచ్చన్న ఊహకు ఊరూ పేరూ తెచ్చింది 1895లో హెచ్.జి.వెల్స్ రాసిన ‘ది టైమ్ మెషీన్’. కాలేజీ రోజుల్లో ఆ నవల చదివానని, ‘ఆదిత్య 369’కి ప్రేరణ అదేనని సింగీతం శ్రీనివాసరావుగారే చెప్పారు. తీసుకున్నవాడే బాకీ ఒప్పుకుంటే ఇంక తగువేముంది?

ఆ సినిమా 1991 జూలైలో వచ్చింది. నేను సెలవు మీద విశాఖ వెళ్ళినప్పుడు చూశాను. యంత్రం చేసినవాడు ఒక ప్రొఫెసరు. మంత్రం లేదు, వరం లేదు. అందులో వాళ్ళు 1526కి వెళ్ళి కృష్ణదేవరాయల్ని చూస్తారు. రాయలు ఏలింది 1509 నుంచి 1529 దాకా కాబట్టి లెక్క సరిపోయింది. తర్వాత 2504కి వెళ్తారు. అలాగని సినిమాలో చూపించింది సైన్సు అయిపోదు. 1971లో పరమాణు గడియారాల్ని విమానాల్లో ప్రపంచం చుట్టూ తిప్పి, అవి నేలమీది గడియారాలతో సెకనులో అత్యల్ప భాగం తేడా చూపాయని కొలిచారు. ఐన్‌స్టీన్ చెప్పినదానికి అది రుజువు. గతంలోకి వెళ్ళొచ్చినవాడు మాత్రం ఇంతవరకు ఎవడూ లేడు.

మరి పురాణాల వాటా ఏమీ లేదా? ఉంది. సింగీతంగారు పని నేర్చుకున్నది కె.వి.రెడ్డిగారి దగ్గర. ఆయన ఫిజిక్సు చదివిన మనిషి, సినిమాల్లో మొదట క్యాషియరుగా చేసిన మనిషి (మా లెక్కలవాళ్ళకి ఇదొక గర్వం!). 1957లో ఆయన తీసిన ‘మాయాబజార్’లో ప్రియదర్శిని పెట్టె గుర్తుందా? మూత తీస్తే ప్రియమైనవాళ్ళు కనిపిస్తారు. దాన్ని చూసి "ద్వాపరంలోనే టీవీ ఉంది" అని ఆయన ప్రచారం చెయ్యలేదు. కథను కథగా తీశాడు. ఆ శిష్యుడే 1987లో ఒక సినిమాకి ‘పుష్పక విమానం’ అని పేరు పెట్టాడు. అందులో విమానమూ లేదు, మాటలూ లేవు!

ఇక నాగ్ అశ్విన్. చిన్నప్పుడు తనకు నచ్చిన సినిమాలు చెబుతూ ‘పాతాళభైరవి’, ‘భైరవద్వీపం’, ‘ఆదిత్య 369’ పేర్లు చెప్పాడు. హాలీవుడ్ ‘స్టార్ వార్స్’ పేరూ దాచలేదు. 2020లో 89 ఏళ్ళ సింగీతంగారిని పిలిచి తన సినిమాకి మార్గదర్శిగా పెట్టుకున్నాడు. చూడండి, ప్రతి పద్దుకీ సంతకం ఉంది.

ఆ సినిమాలోనూ ఒక లెక్క ఉంది. కలియుగం మొదలైందనే క్రీ.పూ. 3102 నుంచి క్రీ.శ. 2898కి ఆరువేల ఏళ్ళట. సున్నా సంవత్సరం లేదు కనుక నిజానికి 5999. ఒక్క ఏడాది తేడా, సినిమాకి మాఫీ చేద్దాం. చరిత్ర పేరుతో చెప్పేవాళ్ళకి మాత్రం మాఫీ లేదు.

"అన్నీ మనవే" అంటే మనకి గౌరవం పెరుగుతుందా? ఆ మాటతో వెల్స్ ఒక్కడే కాదు, రాత్రింబవళ్ళు కష్టపడిన కె.వి.రెడ్డి, సింగీతం కూడా చెరిగిపోతారు. మా భిలాయి కర్మాగారం సోవియట్ సాయంతో కట్టింది. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1959లో ప్రారంభమైంది. శ్రీకాకుళం నుంచి వచ్చి అందులో చెమటోడ్చిన మా నాన్న "రష్యావాళ్ళు నేర్పారు, మేం నేర్చుకున్నాం" అని గర్వంగానే చెప్పేవాడు. ఆ మాటతో ఆయన చిన్నవాడైపోలేదు.

మనవడు అంతా విని, "మరి అక్కడే ఎందుకు చెప్పలేదు తాతయ్యా?" అన్నాడు. దానికి నా దగ్గర వోచర్ లేదు. ఈసారి మైకు అడుగుతాను.