రికార్డు ప్లేయరు కింద రబ్బరు దిమ్మలు అవసరమా?

మన నెల్లూరు బాలసుబ్రహ్మణ్యం 1966లో సినిమాకు తొలిపాట పాడేనాటికి పాట మన ఇళ్లకు రేడియోలోనో, గ్రామఫోను రికార్డు మీదనో వచ్చేది. రికార్డు మీద సూది పెట్టాక పిల్లలు గంతులేస్తే పెద్దలు కసిరేవారు. ఆ కసురులో శాస్త్రం ఉంది.

రికార్డు గాడిలోని సన్నని ఒంపుల వెంట సూది కదులుతుంది. ఆ కదలికే పాట అవుతుంది. నేల అదిరినా సూది కదులుతుంది. ఏది పాటో, ఏది అడుగుల చప్పుడో దానికి తెలియదు. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డులకు బరువైన సౌండుబాక్సు ఉండేది. 1948లో అమెరికాలో కొలంబియా కంపెనీ తెచ్చిన 33⅓ చుట్ల ఎల్.పి.లో గాడి మరీ సన్నం, సూది మోపే బరువూ తక్కువ. కనుక అదురు ఆపే స్ప్రింగులు, రబ్బరు దిమ్మలు అవసరమయ్యాయి. స్పీకరు అదురు తిరిగి సూదికి చేరితే గుయ్యిమని మోత కూడా పుడుతుంది.

1982లో వచ్చిన సి.డి.ని చదివేది కాంతికిరణం. చిన్నచిన్న పొరపాట్లను అది లెక్కకట్టి సరిదిద్దుకుంటుంది. ట్రాన్సిస్టరు ఆంప్లిఫయరు కింద ఎంత ఖరీదైన దిమ్మలు పెట్టినా మామూలు ఇంట్లో చెవికి తేడా తెలియదు. పాత వాల్వు సెట్లు మాత్రం తట్టితే మోగవచ్చు.

పెన్షను డబ్బు ఖర్చుపెట్టే ముందు ఒక పరీక్ష చేయండి. తిరగని రికార్డుపై సూది ఉంచి, వాల్యూము కొంచెం పెంచి, బల్లను వేలితో తట్టండి. స్పీకరులో దబ్బుమని వినిపిస్తే ప్లేయరును గోడకు బిగించిన బల్లమీదికి, స్పీకర్లకు దూరంగా మార్చండి. మనవలను కసరవలసిన పని చాలావరకు తప్పుతుంది.