నెల్లూరు తీరంలో రొయ్యల వ్యాధి పరిశోధన

నెల్లూరు తీరంలో రొయ్యల వ్యాధి పరిశోధన 1994లో తెల్లమచ్చ అనే వైరస్ వ్యాధి చెరువులను ఊడ్చిపెట్టడంతో ఊపందుకుంది. మందు లేని ఈ వైరస్‌ను చెరువులోకి రానివ్వకుండా ఆపడమే ఈ పరిశోధన సాధించిన ప్రధాన ఫలితం. రొయ్యలో మందుల అవశేషాలు ఉండకూడదన్న ఆహార భద్రత నియమాలు కూడా రైతును ఇదే దారిలో నడిపించాయి.

నేపథ్యం

1990 దశకం మొదట్లో కండలేరు క్రీక్ పరిసరాల్లోనూ, ముత్తుకూరు, ఇందుకూరుపేట వైపునా టైగర్ రొయ్య చెరువులు విస్తరించాయి. హేచరీలు సముద్రంలో పట్టిన తల్లి రొయ్యలతో పిల్లను తీసేవి. తల్లికి వైరస్ ఉంటే అది పిల్లతోపాటే చెరువుకు చేరేది. క్రీక్ నీటినే తోడుకుని, వాడిన నీటిని మళ్లీ అందులోకే వదలడంతో ఒక చెరువు రోగం పక్క చెరువులకూ పాకేది.

తెల్లమచ్చ దెబ్బ

తూర్పు ఆసియాలో బయటపడిన ఈ వైరస్ 1994లో నెల్లూరును తాకింది. రొయ్య మేత మానేసి గట్టు అంచుకు చేరేది, తల పెంకు మీద తెల్లమచ్చలు కనిపించేవి. మూడు నుంచి పది రోజుల్లో పంట పోయేది. పీతలు కూడా వైరస్‌ను మోస్తాయి. యాంటీబయాటిక్‌లు బ్యాక్టీరియాపైనే పనిచేస్తాయి కాబట్టి ఇక్కడ అవి నిష్ఫలం.

వ్యాధికి తోడు చట్టపరమైన దెబ్బ కూడా తగిలింది: 1996 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు తీర నియంత్రణ మండలంలోని సంప్రదాయేతర చెరువులను తొలగించాలని తీర్పు చెప్పింది. తర్వాత సాగును నియంత్రించడానికి 2005 చట్టంతో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ ఏర్పడింది.

చెరువు గట్టు మీద పరిశోధన

చెన్నైలో 1987లో నెలకొన్న కేంద్ర ఉప్పునీటి జలచరాల పరిశోధన సంస్థ (సీబా) వ్యాధి నిర్ధారణ పద్ధతులను అభివృద్ధి చేసింది. పిల్లను చెరువులో వేసే ముందే వైరస్‌ను పట్టగలిగే పీసీఆర్ పరీక్ష వాటిలో కీలకం. సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల అభివృద్ధి సంస్థ (ఎంపెడా), ఆసియా ఆక్వాకల్చర్ కేంద్రాల సమాఖ్య (నాకా) 2000 ప్రాంతంలో ఆంధ్రప్రదేశ్‌లోని 365 చెరువులను అధ్యయనం చేసి, రోగానికి దారితీసే కారణాలను లెక్కగట్టాయి. అడుగు నల్లమట్టి తీసి చెరువు ఆరబెట్టడం, నీటిని జాలితో వడకట్టడం, పరీక్షించిన పిల్లను ఇరుగుపొరుగు రైతులంతా ఒకేసారి వేయడం ఆ అధ్యయనం నుంచి వచ్చిన మెళకువలే. రైతులు సంఘాలుగా కూడితే పరీక్ష ఖర్చు చిన్న రైతుకూ అందుబాటులోకి వస్తుంది. 2007లో ఏర్పడిన జాతీయ సుస్థిర ఆక్వాకల్చర్ కేంద్రం (నాక్సా) ఈ పనిని కొనసాగించింది.

ఆహార భద్రత

ఐరోపా సంఘం 2003లో ప్రయోగశాలలకు కిలో మాంసంలో నిషేధిత యాంటీబయాటిక్‌లైన క్లోరాంఫెనికాల్ 0.3 మైక్రోగ్రాములు, నైట్రోఫ్యూరాన్ అవశేషాలు 1 మైక్రోగ్రాము ఉన్నా పట్టగల సామర్థ్యాన్ని తప్పనిసరి చేసింది. దీంతో పట్టుబడికి ముందే రొయ్యను పరీక్షించే ఎలైజా ప్రయోగశాలలు సాగు ప్రాంతాలకు వచ్చాయి. వైరస్‌ను చంపలేని మందు ఎగుమతిని మాత్రం ఆపగలదని రైతులకు తెలిసివచ్చింది.

వెనామి, కొత్త సవాలు

2009లో వాణిజ్య సాగుకు అనుమతి పొందిన వెనామి అనే రొయ్య రకానికి నిర్దిష్ట రోగాలు లేని తల్లి రొయ్యలను విదేశాల నుంచి తెచ్చి, చెన్నై క్వారంటైన్‌లో పరీక్షించాకే హేచరీలకు పంపుతారు. అయినా మురికి చెరువులో వాటి పిల్లకూ రోగం తగులుతుంది. కాలేయం లాంటి హెపటోపాంక్రియాస్‌లో పెరిగి ఎదుగుదలను కుంటుపరిచే ఈహెచ్‌పీ పరాన్నజీవి ఇప్పుడు పెద్ద బెడద. దాని బీజకణాలు అడుగు మట్టిలో నిలిచి ఉంటాయి కనుక పంటకు పంటకు మధ్య చెరువును శుద్ధి చేయడం, పిల్లను పరీక్షించడం, తెల్లమచ్చ నేర్పిన ఈ రెండు పనులే దీనికీ ప్రధాన రక్షణ.