కందకం, శిఖం, మత్తడి: దోమకొండ ప్రాంతపు నీటి పదాల అర్థపరిణామం

ప్రబంధాల పురవర్ణనలో కోటతో పాటు అగడ్త తప్పక కనిపిస్తుంది. దానికే కందకమని మరొక పేరు. శత్రువును దాటనీయకుండా కోట చుట్టూ తవ్విన లోతైన గుంట అని దాని అర్థం. కామినేని వంశీయుల కోట నిలిచి ఉన్న దోమకొండ పరిసర గ్రామాలలో నేడు ఈ మాట ఉపాధి హామీ పనుల సందర్భంలోనే ఎక్కువగా వాడుకలో ఉంది. వాలుకు అడ్డంగా తవ్వి, పరుగెత్తే వాననీటిని నిలిపి నేలలోకి ఇంకించే గుంటకు ఇప్పుడు కందకమని పేరు. పాత పదం కొత్త పనికి ఇంత సహజంగా ఒదగడం అరుదు. భూసంరక్షణ పరిభాషలోని తక్కిన పదాలకు ఈ అదృష్టం దక్కలేదు.

ఈ ప్రాంతానికి నీటి పదాలు విస్తారంగా ఉండటానికి భౌగోళిక కారణముంది. ఇది రాతినేలల మెరక ప్రాంతం. మంజీరపై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఆయకట్టు దీనికి దిగువన, వాయవ్య దిశలో ఉన్నది. కామారెడ్డి జిల్లా పడమటి భాగపు నీరు మంజీరలో కలుస్తుంది. తూర్పు భాగపు నీరు పాల్వంచ వాగు వంటి పాయల ద్వారా ఎగువ మానేరుకు చేరుతుంది. రెండు నదుల నీరు వేరుపడే ఇటువంటి మెరకకు భూగోళ గ్రంథాలు 'జలవిభాజకం' అని పేరు పెట్టాయి. ఆంగ్లంలో 'వాటర్‌షెడ్' అనే మాటకు తొలి అర్థం కూడా ఇదే. అందులోని 'షెడ్' వేరుచేయడాన్ని సూచించే పాత మాట. నీరు వచ్చి చేరే మొత్తం నేల అనే అర్థం తరువాతిది. సి.హెచ్. హనుమంతరావు అధ్యక్షతన ఏర్పడిన సంఘం 1994లో చేసిన సిఫార్సుల ఆధారంగా 1995 ఏప్రిల్ నుండి అమలైన మార్గదర్శకాలు సుమారు 500 హెక్టార్లను ఒక యూనిట్‌గా తీసుకున్నాయి. తెలుగు పల్లెలకు ఆ మాట ఈ రెండు అర్థాలతోనూ రాలేదు, పథకం పేరుగా వచ్చింది. 'వాటర్‌షెడ్ పని' అన్నప్పుడు వినేవారికి తోచేది కూలి పని, రాతికట్ట, చెక్‌డ్యాం, మెరక తోచదు. 'పరీవాహక ప్రాంతం' అనే సంస్కృత సమాసం కాగితాన్ని దాటి రాలేదు.

పాత పదాలలో అన్నిటికంటే ఆలోచింపజేసేది 'శిఖం'. చెరువు నిండినప్పుడు మునిగి, ఎండినప్పుడు బయటపడే నేలకు నిజాం పాలనలోని రెవెన్యూ భాష ఇచ్చిన పేరు ఇది. 'ఖ'కారంతో రాయడం వల్ల శిఖ, శిఖరం గుర్తుకు వస్తాయి గాని, పారసీకంలో 'శికమ్' అంటే కడుపు. చెరువు అడుగు నేలకు పొసిగే అర్థం ఇదే. చెరువు కడుపును శిఖరంగా చూపే ఈ వర్ణక్రమం పండితుల దిద్దుబాటు ఫలితమే కావచ్చు. పదం వెనుక ఉన్న నియమం మాత్రం స్పష్టం: నీరు తగ్గినప్పుడు శిఖం పట్టాదారు సాగు చేసుకోవచ్చు, నీరు నిలవడానికి అడ్డు కట్టరాదు. అర్థం తెలియని చోట శిఖం పహాణీలో ఒక భూమి వర్గంగా మిగిలి, ఇంటి స్థలాల మాటలోకి జారింది. తెలంగాణ పట్టణాల చుట్టూ చెరువులు కుంచించుకుపోవడానికి లోభమే ప్రధాన కారణం. మాట మూగబోవడం దానికి తోడ్పడింది.

'నీరటి' విషయంలో నష్టం వేరు. తూము ఎత్తి, దించి, ఏ మడికి ఎంత పారాలో చూసే గ్రామసేవకుడు నీరటి. 1997 నాటి సాగునీటి వ్యవస్థల రైతు నిర్వహణ చట్టం తెచ్చిన మాట 'నీటి వినియోగదారుల సంఘం'. మొదటి పదంలో నీటిని కాచేవాడున్నాడు, రెండవదానిలో వాడుకునేవారున్నారు. రైతులకు అధికారం రావడం మేలే. కాపలా అనే అర్థం మాత్రం పేరులో చోటు కోల్పోయింది.

'మత్తడి' ఇందుకు భిన్నంగా బతికే ఉంది. కట్ట తెగకుండా మిగులు నీరు పొర్లిపోయే తావు అది. ఇతర ప్రాంతాలలో అలుగు, కలుజు. 'చెరువు మత్తడి దుంకింది' అనే వార్తలో గొలుసుకట్టు వ్యవస్థ అంతా ఇమిడి ఉంది. పై చెరువు నిండిందని, కింది చెరువుకు నీరు బయలుదేరిందని ఆ ఒక్క వాక్యం చెబుతుంది. పరీవాహకం అనే భావనను పల్లె ఇలా క్రియారూపంలో దాచుకున్నది.

సప్తసంతానాలలో చెరువును, కృతిని పక్కపక్కన లెక్కించిన సంప్రదాయం తెలుగువారిది. 'షట్చక్రవర్తి చరిత్ర' రచించిన కామినేని మల్లారెడ్డి వంశం ఏలిన సీమలో కృతులపై పరిశోధన జరిగింది. చెరువుల పదజాలం ఇంకా సేకరణకు నోచుకోవలసి ఉన్నది. దోమకొండకు సమీపంలోని సదాశివనగర్‌లో 2015 మార్చి 12న మిషన్ కాకతీయ ప్రారంభమైనప్పుడు పూడికతీత, తూము, కట్ట అనే పాత మాటలే ప్రభుత్వ పత్రాలలోకి తిరిగి వచ్చాయి. చెరువులో ఉన్నంతవరకు 'పూడిక' అనిపించుకున్న మన్ను ట్రాక్టర్లలో చెలకకు చేరగానే 'ఒండ్రు' అయింది.